పెరటి ముచ్చటలు: ఖాళీయైన నారుబల్ల

ఫాల్గుణము వెళ్ళి చైత్రము వచ్చునప్పటికి మా పెరటి పందిరి క్రింది నారుబల్ల బోసిపోవును. కార్తికము మొదలు దానిపై బెరిగిన టమాటా, వంగ, క్యాబేజీ నారంతయు మడులలోనికి బోయి, కాపు గాచి, కొన్ని యప్పుడే యెండుముఖము పట్టియుండును. ఖాళీ బల్ల కనబడిన యింట నేమి జరుగునో సోదరీమణులకు జెప్పనక్కరలేదు. మొదట నొక విరిగిన చేట, పిమ్మట నొక పాత డబ్బా, ఆపైన మా వారి బడి పుస్తకముల కట్ట. పదిదినములలో నది సామానుల కొట్టుగా మారును. ఆ చోటును వేసవి యారంభమున నెట్లు వాడుకొనవలెనో యీ మాసము ముచ్చటింతము.

మా రోలుగుంట నర్సీపట్నమునకు దాపుననున్న యూరు. 2022వ సంవత్సరమున విశాఖపట్నము జిల్లానుండి విడదీసి యేర్పరచిన అనకాపల్లి జిల్లాలోనిది. కొండలెక్కి లంబసింగికి బోయినచో శీతకాలమున వణకు పుట్టించు చలి గలదు గాని, మా మైదానమున వైశాఖపు టెండకు పెరటిలోని యిత్తడి బిందెను ముట్టలేము. అందుచేత చలిదేశముల గాజుటిండ్ల చిత్రములు చూచి పెరటిలో ప్లాస్టికు కప్పు వేయదలచువారు కొంచెమాగవలెను. వారి గాజుటిల్లు సూర్యుని వేడిమిని లోపల బట్టి యుంచుటకు. మన పందిరి యా వేడిమిని వెలుపలనే యాపుటకు. వేసవి రాగానే వారికి మంచుభయము తీరి, మొక్కలు వెలుపలికి బోవుటచే బల్లలు ఖాళీయగును. మనకో, ఎండకు వెఱచి క్రొత్తవి పెట్టకపోవుటచే ఖాళీయగును. ఆ వెఱపు తీరుటకు కొబ్బరి కమ్మలు గాని, అంగడిలో షేడ్‌నెట్ అను పేర నమ్ము పచ్చని వల గాని చాలును. ఎండలో సగము దిగి సగమాగవలెను. నీడ మఱీ చిక్కనైనచో నారు తెల్లబాఱి, సన్నగా సాగి, తల వాల్చును.

ఇక నిరుడు మేము చేసిన తప్పును దాచక చెప్పెదము. మా బల్లపై పదునాఱు తట్టలు పట్టును. చోటు వ్యర్థము కారాదను నాశతో పదునాఱింటను విత్తితిమి. మొదట బాగుగనే యుండెను. కృత్తిక కార్తె వచ్చుసరికి నూతిలో నీరడుగంటెను. వీధి చివరి బోరింగునుండి మోయవలసి వచ్చెను. బడికి సెలవులు గనుక మా అమ్మాయి, “నీవు వంటపని చూచుకొనుమమ్మా, నీళ్ళు నేను తెచ్చెదను” అని పూనుకొనెను. ప్రొద్దున మూడు బిందెలు, మాపు రెండు. నారు పచ్చగా నుండెను. మేమును సంతోషముగా నుంటిమి.

ఒకనాడు భోజనమువేళ క్రొత్తావకాయ వడ్డించితిమి. అమ్మాయి అన్నము కలుపబోయి చేయి వెనుకకు దీసికొనెను. ఏమని యడిగిన నేమియు లేదనెను. మా అత్తగారు చేయిపట్టి చూచిరి. అరచేతులు రెండును బొబ్బలెక్కి, కొన్ని చిట్లియుండెను. ఆమె మమ్ము గోపింపలేదు. “ఆకులకు పురుగు పట్టెనేమో యని దినదినమును తిరుగవేసి చూచెదవు గదే, తల్లీ” అని మాత్రమనిరి. అంతకంటె కొట్టినను బాగుండెడిది.

కాళిదాసుని శాకుంతలము ప్రథమాంకమున, చెట్లకు నీరు పోయుచున్న శకుంతల యరచేతులు కడవ నెత్తుటచే మిక్కిలి యెఱ్ఱబడినవని దుష్యంతుడు గుర్తించును. చిన్ననాట మా నాయనగారియొద్ద నా ఘట్టము చదివినపుడు సౌందర్యవర్ణనమని మురిసితిమి. ఆడపిల్లను గన్న పిదప చదివినచో నది వేఱుగ దోచును. రాజు చూచినపాటియైనను తల్లి చూడవలదా?

కావున నీయేడు పద్ధతి మార్చితిమి. చోటును లెక్కించుట మాని, ముందుగా నీటిని లెక్కించితిమి. బియ్యము, పప్పు, కూరలు కడిగిన నీటిని, ఉప్పును సబ్బును గలియకుండ, వేఱుగ బట్టినచో మా యింట దినమున కొక బిందెడు వచ్చుచున్నది. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పుగల తట్టకు ఉదయమొక చెంబు, సాయంకాలమరచెంబు చాలును. ఈ లెక్కను మాకు ఎనిమిది తట్టలు మాత్రమే పోసాగును. ఆ యెనిమిదింటికే విత్తితిమి.

వానిలో మూడింట తోటకూర. విత్తనము మిక్కిలి సన్నము గనుక ఇసుకతో గలిపి చల్లి, పైన పలుచగా మన్ను రాల్చవలెను. ఇరువదియైదు, ముప్పది దినములలో కోతకు వచ్చును. ఒక తట్టలో కొత్తిమీర. ధనియములను చెప్పుక్రింద నలిపి రెండు బద్దలు చేసి, రాత్రి నానవేసి విత్తవలెను. ఎండకాలమున నిది త్వరగా పూతకెత్తును గనుక లేతగానుండగనే కోసికొనుట మేలు. రెండింట మిరప, వంగ. కృత్తిక ప్రవేశమున, అనగా మే 11 ప్రాంతమున, విత్తినచో నలువది దినములకు ఆరుద్రకార్తె వానలకు నారు సిద్ధమగును. కడమ రెండింటి చోటు బీర, కాకర, పొట్లలకు. వీనికి తొందర పనికిరాదు; వేళ్ళు కదలిన నోర్వలేవు. రోహిణిలో, మే 25 దాటిన పిదప, అడుగున రంధ్రము చేసిన కొబ్బరి చిప్పలలో చిప్పకొక విత్తనము చొప్పున నాటి, రెండు మూడాకులు తొడిగినంతనే మట్టిగడ్డ చెదరకుండ పాదులో దింపవలెను.

తట్టల యడుగున రంధ్రములుండవలెను. ఒత్తుగా విత్తి, నీరు నిలువనిచ్చినచో నారు మొదట గుళ్ళి ఒక్కరాత్రిలో వాలిపోవును. రంధ్రములనుండి జాఱు నీరును వ్యర్థము గాదు: బల్లక్రింద పుదీన కుండీలు పెట్టితిమి. ఆ జాఱుడు నీటితోనే యవి బ్రదుకుచున్నవి.

మిగిలిన సగము బల్లయో యని సోదరీమణులడుగవచ్చును. దానికి నీరక్కరలేని పని యొకటి గలదు. చిక్కుడు, బెండ, సొర, బీర ముదురుకాయలనుండి తీసిన విత్తనములను మొదట చేటలలో బోసి యచ్చట నాఱబెట్టుచున్నాము. మండుటెండ విత్తనములోని మొలకను జంపవచ్చును. గాలి యాడు నీడ దానిని రక్షించును. తడి తట్టలకు దూరముగా, బల్ల రెండవకొనను, పైన పలుచని గుడ్డ కప్పి యుంచినచో ఉడుతల బెడద యుండదు. పంట క్రింద నొక్కినచో వంగక పటుక్కున విఱిగినపుడు, పొడి బూడిద గలిపి సీసాలలో బోసి మూతవేయవలెను. మృగశిర వచ్చునాటికి సంతలో నారుకొఱకు, విత్తనముకొఱకు నొకరి ముఖము చూడనక్కరలేదు.

ఈ యేడు మా అమ్మాయి సెలవులలో నీరు మోయుట లేదు. సాయంకాలము తానే చెంబు పట్టి యెనిమిది తట్టలకును నీరు చిలుకరించి, చేటలలోని గింజలను వ్రేళ్ళతో గలియబెట్టుచున్నది. నిన్న నొక చిక్కుడుగింజను గొఱికి, “ఇంకను రెండుదినములు కావలెనమ్మా” అని తీర్పు చెప్పినది. మేమా తీర్పునకు ఒప్పుకొంటిమి. ఆ చేతిని మాత్ర మొకసారి తిరుగవేసి చూచితిమి.