నాన్నా, ఈ పండగ ఎందుకు?

డిసెంబరు వచ్చిందంటే విశ్వాసుల ఇళ్ల ముందు నక్షత్రాలు వెలుగుతాయి. తిరుపతి, చిత్తూరు వీధుల్లో రాత్రిపూట క్యారల్స్ బృందాలు తిరుగుతాయి. దర్జీ దగ్గర కొత్త బట్టలు, వంటింట్లో కజ్జికాయలు, మురుకులు సిద్ధమవుతాయి. ఈ సందడిలో అందరికన్నా ఎక్కువగా ఆనందించేది పసిపిల్లలే. ఆనందించాలి కూడా. పసిబిడ్డ పుట్టిన పండగ పిల్లలది కాకపోతే మరెవరిది? అయితే ఆ సందడి మధ్య వాళ్లడిగే ఒక చిన్న ప్రశ్న చాలాసార్లు మన చెవిన పడదు. ‘నాన్నా, ఈ పండగ ఎందుకు?’ అన్నదే ఆ ప్రశ్న.

దేవుడు మాత్రం ఆ ప్రశ్నను ముందే ఎరుగును. ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యం నుంచి బయల్దేరే వేళ మోషే వారికి పస్కా ఆచారాన్ని నేర్పాడు. రేపు పిల్లలు దీని అర్థమేమిటని అడుగుతారనీ, అప్పుడు దేవుడు చేసిన మేలు వారికి వివరించాలనీ ఆ రోజే చెప్పాడు (నిర్గమ 12:26,27). గమనించండి, ఆ జవాబు చెప్పే పనిని యాజకులకు అప్పగించలేదు, తల్లిదండ్రులకే అప్పగించాడు. మనమేమో దాన్ని సండేస్కూలు టీచరుకు వదిలేశాం. వారానికి గంటసేపు వాళ్లు చేసే సేవ గొప్పదే. కానీ మిగతా వారమంతా బిడ్డ ఉండేది మన ఇంట్లోనే కదా!

తిరుపతి లాంటి పట్టణంలో పెరిగే మన పిల్లలకు ఇది మరీ ముఖ్యం. ఇక్కడ వీధిలో నిత్యం యాత్రికులే. పక్కింటి పిల్లలకు వాళ్ల పండగల కథలను అవ్వాతాతలు ఓపిగ్గా చెబుతారు. బడిలో పక్కన కూర్చున్న స్నేహితుడు ‘మీ పండగ ఏంటి?’ అని అడిగితే, ‘కేకు కోస్తాం, కొత్త బట్టలు వేసుకుంటాం’ అని మనవాడు ఆగిపోతే ఆ తప్పు వాడిది కాదు. ఎదుటివారి నమ్మకాన్ని చులకన చేయకుండా, తన నమ్మకాన్ని దాచుకోకుండా, ‘దేవుడు మనల్ని ప్రేమించి చిన్నబిడ్డగా మన దగ్గరికి వచ్చాడు’ అని వాడు చెప్పగలగాలి. ఇంట్లో వినని మాటను బిడ్డ బయట ఎలా చెబుతాడు?

మన ప్రాంతపు సంఘాల చరిత్ర కూడా ఇదే గుర్తుచేస్తోంది. 1853లో ఏర్పడిన ఆర్కాటు మిషన్ చిత్తూరు, మదనపల్లె ప్రాంతాల్లో పరిచర్య చేసింది. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ 1865లో మొదలుపెట్టిన పని తిరుపతి, శ్రీకాళహస్తి వరకూ విస్తరించింది. నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి అదే మూలం. ఆ మిషనరీలు అనుసరించిన మార్టిన్ లూథర్ 1529లో చిన్న ప్రశ్నోత్తరిని రాసినప్పుడు, ఇంటి యజమానే తన ఇంటివారికి నేర్పేంత సులువుగా దాన్ని కూర్చాడు. పిల్లలు పాడుకోవడానికి ఒక క్రిస్మస్ పాట కూడా కట్టాడు. అది 1535లో అచ్చయింది. అంతటి పండితుడికి పిల్లలకు చెప్పడం చిన్న పనిగా కనబడలేదు. మనకెందుకు కనబడాలి?

చెప్పడానికి పాండిత్యం అక్కర్లేదు. మంచూ, జింకల బండీ అసలే అక్కర్లేదు. పుంగనూరు, పలమనేరు దారుల్లో బస్సుకు అడ్డొచ్చే గొర్రెల మందలను మన పిల్లలు చూస్తూనే ఉంటారు. రాత్రంతా చలిలో మంద దగ్గర కాపు కాసే అలాంటి వాళ్లకే దేవదూత మొదట శుభవార్త చెప్పాడని చెప్పండి. అపార్ట్‌మెంట్లో పెరిగే బిడ్డకు పశువుల తొట్టి అంటే రంగు కాగితాలతో అలంకరించిన బొమ్మ. సెలవుల్లో ఊరికి తీసుకెళ్లినప్పుడు నిజమైన తొట్టిని చూపించండి. దాని గరుకుదనం, దాని వాసన తెలిశాక, రాజులకు రాజు మనకోసం ఎంతగా తగ్గించుకున్నాడో నాలుగేళ్ల బిడ్డకూ అర్థమవుతుంది.

ఇక క్రిస్మస్ తాత సంగతి. నాలుగో శతాబ్దంలో నేటి టర్కీలోని మైరా పట్టణంలో నికొలస్ అనే బిషప్పు ఉండేవాడనీ, పేదలకు రహస్యంగా సాయం చేసేవాడనీ సంప్రదాయం చెబుతోంది. పిల్లలకు ఆ మాటే చెబుదాం. ఆకాశంలోంచి దిగివచ్చి బహుమతులు పెట్టి వెళ్తాడని నమ్మిస్తే, ఎర్ర చొక్కా వేసుకున్నది మన సంఘంలోని అన్నయ్యేనని ఒకనాడు వాళ్లకు తెలిసిపోతుంది. ‘మరి యేసయ్య కథ కూడా ఇంతేనా?’ అన్న సందేహం ఆ వెనకే వస్తుంది. ఆటను ఆటగా, సత్యాన్ని సత్యంగా చెప్పడం పెద్దల బాధ్యత.

కొత్త బట్టలు లేకపోతే క్రిస్మస్ లేదన్నట్టు పిల్లల్ని పెంచడం మరో ప్రమాదం. అప్పు చేసి పండగ చేసుకుని, సంక్రాంతి దాకా వడ్డీ లెక్కలు వేసుకునే కుటుంబాలు మనకు తెలుసు. మరియ, యోసేపులు దేవాలయంలో అర్పించింది ధర్మశాస్త్రం పేదవారికి అనుమతించిన పక్షుల జతను మాత్రమే (లూకా 2:24, లేవీ 12:8). గొర్రెపిల్లను కొనే స్తోమత లేని ఆ ఇంట్లోనే లోకరక్షకుడు పెరిగాడు. కాబట్టి ఉన్నంతలోనే కొనండి. ‘ఈసారి ఇంతేనా?’ అని అడిగితే నిజం చెప్పండి.

ఆ ఉన్నంతలోనే కొంత పిల్లల చేతులతో ఇప్పించండి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మిషన్లు కలిసి క్షయరోగుల కోసం శానిటోరియం తెరిచాయి. ఆ రోగానికి సరైన మందే లేని కాలంలో, లోకం దూరం పెట్టిన వారిని దగ్గరికి తీసుకోవడమే అక్కడ వినిపించిన సువార్త. బిడ్డకు ఆ దారి చూపడానికి ఆసుపత్రి కట్టనక్కర్లేదు. వీధి ఊడ్చే అమ్మకు, వాచ్‌మన్ పిల్లలకు, ఒంటరిగా ఉండే పక్కింటి అవ్వకు పిండివంటల పళ్లెం మోసుకెళ్లే పనిని వాడికి అప్పగిస్తే చాలు.

సంఘాలకూ ఒక మాట. రాత్రి ఆరాధనలో పసిబిడ్డ ఏడిస్తే వెనక్కి తిరిగి చూసే చూపులకే ఆ తల్లి బయటికి వెళ్లిపోతుంది. సత్రంలో స్థలం దొరకని బిడ్డ పుట్టిన పండగనాడు, మన బిడ్డలకు మందిరంలో స్థలం లేకపోవడం ఎంత విచారకరం! పిల్లల్ని అడ్డగించిన శిష్యుల మీద ప్రభువు కోపపడ్డాడని మరవకండి (మార్కు 10:13,14). నాటికలో మాటలు మరిచిపోయిన చిన్న గొర్రెల కాపరిని గద్దించకండి, భుజం తట్టండి.

ఈ క్రిస్మస్‌కు ప్రతి ఇంట్లో పది నిమిషాలు కేటాయిద్దాం. 24వ తేదీ సాయంత్రం టీవీ ఆపి, లూకా రెండో అధ్యాయం చదివి, ఆ కథను మన మాటల్లో పిల్లలకు చెబుదాం. తండ్రి దూరంలో ఉంటే తల్లి చెప్పాలి, తల్లికి తీరకపోతే అవ్వ చెప్పాలి. తిమోతి విశ్వాసం ముందు అవ్వ లోయిలో, తల్లి యునీకేలో కనబడిందే కదా (2 తిమోతి 1:5)! కేకు మర్నాటికి అయిపోతుంది, కొత్త బట్టలు వచ్చే ఏటికి పొట్టివవుతాయి. ఆ సాయంత్రం ఇంట్లో విన్న కథను మాత్రం మన పిల్లలు రేపు తమ పిల్లలకు చెబుతారు.