అనుభవం సరే, భృతి ఏదీ?

జూనియర్ సివిల్ జడ్జి పదవికి పోటీపడేవారు కనీసం మూడేళ్లు న్యాయవాదిగా పనిచేసి ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పు చెప్పింది. 1993లో తానే విధించి, శెట్టి కమిషన్ సిఫార్సు మేరకు 2002లో తొలగించిన నిబంధనను ఆ విధంగా పునరుద్ధరించింది. బార్ కౌన్సిల్‌లో తాత్కాలిక నమోదు తేదీ నుంచే ఈ కాలాన్ని లెక్కించాలని, న్యాయమూర్తుల వద్ద లా క్లర్కుగా చేసిన కాలమూ చెల్లుతుందని స్పష్టం చేసింది.

దిగితేగాని లోతు తెలియదు. వాయిదాల తంతు, సాక్షిని ప్రశ్నించే ఒడుపు, కక్షిదారు గోడు పుస్తకాల్లో దొరకవు. ఆ మేరకు తీర్పు ఉద్దేశం హర్షణీయమే. కానీ ఆ మూడేళ్లూ జూనియర్ తిండికి, ఇంటి అద్దెకు, బస్సు ఛార్జీలకు సొమ్మెక్కడిది? తండ్రి న్యాయవాది అయితే చింత లేదు. కూలీ కుటుంబంలోని తొలి పట్టభద్రురాలికి అది మోయలేని భారం. పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామాల్లో 15 వేల రూపాయల కనీస భృతి ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సీనియర్లకు సూచించింది. అది సూచనే తప్ప శాసనం కాదు.

న్యాయ విద్యార్థులు పేరున్న సీనియర్ వెనుక ఫైళ్లు మోయడం కంటే, దావా పత్రాలు రాయించి దిద్దే గురువును వెతుక్కోవడం మేలు. జిల్లా కోర్టులో గడించిన అనుభవం జడ్జి పదవి దక్కకున్నా అక్కరకొస్తుంది. అనుభవం కోరిన వ్యవస్థ, దానిని గడించే యువత ఆకలికీ జవాబు చెప్పాలి. లేకుంటే న్యాయపీఠం కలిగినవారి బిడ్డలకే పరిమితమవుతుంది.