గాజు పండుకి పట్టిన తెగులు

స్ట్రాబెర్రీ పండు మీద బూడిద రంగు బూజు నూగులా లేచింది. తొడిమ వైపు ఇంకా ఎర్రగానే ఉంది, కింది భాగం మెత్తబడి లోపలికి కుంగింది. పక్కనే ఆపిల్‌కి గజ్జి మచ్చలు. పీచ్ కొమ్మకి ఆకులన్నీ ఉబ్బి ముడుచుకున్నాయి. చూసినవాళ్ళు ముక్కు మూసుకోబోయి ఆగుతారు. అదంతా గాజు.

అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం దాచుకున్న ఈ పళ్ళు జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర ఒక ఇంట్లో తయారయ్యాయి. చేసినాయన రుడాల్ఫ్ బ్లాష్కా. 1924లో ఈ తెగులు పళ్ళు మొదలుపెట్టేనాటికి ఆయనకి అరవై ఏడేళ్ళు. 1932 దాకా చేస్తూనే ఉన్నాడు. అప్పటికే తండ్రి లియోపోల్డ్‌తో కలిసి, ఆయన పోయాక ఒంటరిగా, హార్వర్డ్ కోసం గాజుతో ఒక తోటే వేశాడు. 1886లో గూడేల్ అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు వాళ్ళింటికి వెళ్ళి అడిగిన పని అది. వేర్ కుటుంబంలోని తల్లీకూతుళ్ళు డబ్బు పెట్టారు. 1936లో రుడాల్ఫ్ పని మానేసేసరికి నమూనాలు నాలుగు వేలు దాటాయి. శిష్యులు లేరు, పిల్లలు లేరు. ఆ విద్య ఆయనతోనే ఆగింది.

ఇంత శ్రమ ఎందుకంటే, పండుని దాచడం మహా కష్టం. ఆకుని, పువ్వుని ఎండబెట్టి కాగితానికి అంటిస్తే వందేళ్ళైనా ఉంటుంది. పండుని నొక్కితే రసం తప్ప ఏమీ మిగలదు. స్పిరిట్ సీసాలో వేస్తే ఆకారం నిలుస్తుంది, రంగు పోతుంది. అందుకే పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్ అంతా మైనంతోనూ, సుద్దతోనూ, కాగితపు గుజ్జుతోనూ పళ్ళు చేసింది. ఇటలీలో టూరిన్ నగరపు గార్నియర్ వల్లెట్టి (1808–1889) చాలా ఏళ్ళు ఆ పనిలోనే గడిపాడు. ఆయన చేసిన వెయ్యికి పైగా పళ్ళకి 2007 నుంచి అక్కడ సొంత మ్యూజియమే ఉంది. అందులో ఆపిల్, బేరి రకాలే వందలు. నర్సరీ వ్యాపారానికి ఇవి చాలా అక్కరకొచ్చాయి. ఒకే బేరిపండు ఊరికో పేరుతో అమ్ముడుపోయే రోజుల్లో, కొనేవాడికి చూపించడానికి నమూనా కావాలి. ఈ తిప్పలు మనకి తెలియనివేం కావు. బంగినపల్లి ఒకచోట బేనిషాన్, ఇంకోచోట సఫేదా.

వల్లెట్టి పళ్ళు అందమైనవే. అయినా మా ఓటు రుడాల్ఫ్ కుళ్ళు పళ్ళకే. నిగనిగలాడే పండుని ఊహించి కూడా చెయ్యచ్చు. కుళ్ళుని మాత్రం చూడకుండా చెయ్యడం కుదరదు. మచ్చ ఎక్కడ మొదలవుతుంది, అంచు ఏ రంగులో ఉంటుంది, తొక్క ముందు పగులుతుందా, ముడతపడుతుందా, అన్నీ తెలియాలి. తండ్రి రోజుల్లో తెల్ల గాజు మీద రంగులు పూసేవారు. తర్వాత రుడాల్ఫ్ రంగు గాజుని తానే కరిగించుకున్నాడు. దీపం మంట ముందు కూర్చుని, కాలితో తిత్తి తొక్కుతూ, కరిగిన గాజుని పట్టకారుతో లాగి మలచడం వాళ్ళ పద్ధతి. బూజు కోసం అంత ఓపిక! 2019లో హార్వర్డ్ వీటిని ప్రత్యేకంగా ప్రదర్శనకి పెట్టింది.

నిర్మల్ కళాకారులు పొణికి చెక్కతో చేసే పళ్ళు, కూరగాయలు చూసినవాళ్ళకి మన చేతుల పనితనం గురించి వేరే చెప్పక్కర్లేదు. కానీ ఆ బొమ్మ మామిడిపండుని చూపిస్తుంది, ఫలానా మామిడిని కాదు. అది దాని తప్పు కాదు, బొమ్మ పని అంతే. నమూనా పని వేరు. చిన్న రసానికీ పెద్ద రసానికీ తేడా ఎక్కడుందో, కొత్తపల్లి కొబ్బరి ముక్కు ఎటు తిరిగి ఉంటుందో, పండు ఈగ పొడిచిన చోటు ఎలా కమిలిపోతుందో అది చూపించాలి. మసి తెగులు పట్టిన కాయని ఫోన్‌లో ఫొటో తీసి పంపితే నీడో తెగులో తేలక రైతులు తల పట్టుకోవడం చూస్తూనే ఉన్నాం. చేతిలో తిప్పి చూసే కాయ ఉంటే ఆ వాదనే ఉండదు.

సంగారెడ్డిలో పండ్ల పరిశోధన కేంద్రం ఉంది. నూజివీడులో మామిడి పరిశోధన కేంద్రం ఉంది. పాత రకాల చెట్లు ఇంకా కాస్తున్నాయి. నిర్మల్‌లో పనివాళ్ళు ఉన్నారు. వీటన్నిటినీ ఒకచోట చేర్చడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. వచ్చే మామిడి కాపుకైనా ఉద్యానవన శాఖలు ఆ పని మొదలుపెట్టాలని కోరుతున్నాం. మంచి కాయలతో పాటు తెగులు కాయలు కూడా చేయించండి.