ట్రంకుపెట్టెకు ఇంటర్వెల్!

పరీక్షలైపోయాయి. క్రాస్‌రోడ్స్‌లో సంధ్యలోనో, సుదర్శన్‌లోనో ఆఖరి ఆటా చూసేశారు. మరి సామాను సంగతి? మోసుకెళ్తే బరువు, గదిలో ఉంచితే రెండు నెలల అద్దె! చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ కుర్రకారుకి ఏటా వేసవి సస్పెన్స్ ఇదే.

నన్నడిగితే, ఊరెళ్లని స్నేహితుడి గదే అసలైన గోడౌను. నలుగురూ కలిసి అతని అద్దెలో వాటా వేసుకోండి. పుస్తకాల పెట్టె ఇటుకలమీద పెట్టండి. జూన్‌లో తొలకరి పడితే నేల చెమ్మెక్కుతుంది. సర్టిఫికెట్లు మాత్రం మీ వెంటే ఉండాలి సుమా! 2020 మార్చిలో లాక్‌డౌన్ 21 రోజులన్నారు. హాస్టళ్లలో వదిలెళ్లిన పెట్టెలు నెలల తరబడి తాళంలోనే ఉండిపోయాయి. ఇంటర్వెల్ ఎంతసేపో ముందే ఎవరు చెప్పగలరు?