‘రేపు రండి’ అంటే కుదరదు

మన పెద్దాసుపత్రుల్లో రోగికి జబ్బుకంటే ముందు వరుసలు ఎదురవుతాయి. ఓపీ చీటీకి ఒకటి, డాక్టరు గది ముందు మరొకటి, రక్తపరీక్షకు ఇంకొకటి, మందులకు వేరొకటి. ఇవన్నీ దాటి మధ్యాహ్నం రిపోర్టు చేతికొచ్చేసరికి ఆ పరీక్ష రాసిన డాక్టరు ఓపీ ముగించుకుని వెళ్లిపోయి ఉంటారు. ‘రేపు రండి’ అంటారు సిబ్బంది. వాళ్లకది ఒక్క మాట. ఊరినుంచి వచ్చిన కూలీకి మాత్రం మరో రోజు కూలి, రానుపోను చార్జీలు, తోడొచ్చిన మనిషి పని కూడా పోయినట్టే.

ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021లో మొదలైంది. దాని కింద ఆ తర్వాత ఏడాది నుంచి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఓపీ టోకెన్ తీసుకునే వీలు వచ్చింది. మంచిదే. కానీ చీటీ దగ్గర మిగిలిన సమయం డాక్టరు గుమ్మం ముందు హరించుకుపోతోంది. ఎందుకంటే టోకెన్ మీద నంబరు ఉంటోంది తప్ప ఏ గంటకు రావాలో ఉండటం లేదు. రోగులను విడతలుగా పిలిస్తే నిరీక్షణ తగ్గుతుందని బ్రిటన్‌లో గణాంకవేత్త నార్మన్ బెయిలీ 1952లోనే లెక్కగట్టి చూపారు. డెబ్బై ఏళ్లు దాటినా మనం అందరినీ తొమ్మిదింటికే రమ్మంటున్నాం!

వైద్యులు తక్కువ, రోగులు ఎక్కువ అన్నది అధికారుల సమాధానం. కొరత నిజమే, పోస్టులు నింపాల్సిందే. అయితే ఉన్న వైద్యుడి సమయం ఎటు పోతోంది? బీపీ, షుగరు అదుపులో ఉన్నవాళ్లు నెలనెలా అవే మాత్రలు రాయించుకోవడానికి కొత్త రోగులతో కలిసి నిలబడుతున్నారు. వీరికి మందులు ఇవ్వాల్సింది తెలంగాణలో పల్లె, బస్తీ దవాఖానాలు, ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్‌లు. అక్కడ మాత్రలు నిండుకున్నప్పుడల్లా పెద్దాసుపత్రి వరుస పెరుగుతుంది. ఈ చిన్న సంగతి పట్టించుకోకుండా పెద్దాసుపత్రిలో ఎన్ని కౌంటర్లు తెరిచినా దండగే.

రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలు ఇక తాత్సారం చేయరాదు. టోకెన్‌పై గంట వేయాలి. స్మార్ట్‌ఫోన్ లేని ముసలివాళ్ల కోసం మామూలు కౌంటరు కొనసాగించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఉదయం రాసిన మామూలు రక్తపరీక్షల రిపోర్టులు చూసి మందులు రాయడానికి ప్రతి విభాగంలో సాయంత్రం ఒక డాక్టరు ఉండాలి. ఇందుకు డ్యూటీ చార్టు మారిస్తే చాలు, కొత్త భవనం అక్కర్లేదు. సూపరింటెండెంట్లకు ఆ ఉత్తర్వు వెంటనే వెళ్లాలి.