పేరు చాలదు, నంబరు కావాలి

బ్యాంకు కౌంటరు దగ్గర నిలబడి "వెంకటరావు ఖాతా చూడండి" అంటే ఏ గుమాస్తా అయినా మొదట అడిగేది ఖాతా నంబరే. వెంకటరావులు ఎందరో ఉంటారు, ఆ నంబరు మాత్రం ఒక్కరిదే. ఈ సూత్రం మన ఇళ్ళలోని పాత కాగితాలకూ వర్తిస్తుందని ఈసారి మనవి చేస్తున్నాను.

తాతల నాటి ఉత్తరాలను, దస్తావేజులను టైపు చేయించి పి.డి.ఎఫ్.గా దాచుకుంటున్న కుటుంబాలున్నాయి. బెంగుళూరు అన్నయ్య, బరంపురం అత్తయ్య, షోలాపూరు బాబాయి అదే కాగితాన్ని ఎవరింట్లో వారు తెరిచి, ఒక్కో వాక్యం పక్కన తమకు తెలిసింది రాయవచ్చు. 'హైపోథిసిస్' వంటి సాఫ్ట్‌వేర్లు ఈ పనికే ఉన్నాయి. వ్యాఖ్యకు ట్యాగు, అంటే ఒక గుర్తు మాట, తగిలించే వీలూ ఉంది.

చిక్కల్లా ఆ ట్యాగు వట్టి మాట కావడమే. ఒకరు 'బరంపురం' అనీ, మరొకరు 'బ్రహ్మపుర' అనీ రాస్తే కంప్యూటరుకు అవి రెండు ఊళ్ళు. ఇంగ్లీషులో రాస్తే ఒడిశాలోని గంజాం జిల్లా ఊరా, బెంగాలులోని ముర్షిదాబాదు జిల్లా ఊరా అన్న సందేహం. ఇక ఒకరికి 'నాన్న' అయినవారే మరొకరికి 'తాతయ్య', ఇంకొకరికి 'మామయ్య'!

అందుకే ట్యాగుతో పాటు అది ఎవరో, ఏ ఊరో తేల్చే గుర్తింపూ ఉండాలి. 2017 ఫిబ్రవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ప్రకటించిన వ్యాఖ్యల ప్రమాణంలోనూ ట్యాగు తగిలించడం వేరు, ఫలానా అని గుర్తించడం వేరు. ఊళ్ళకు నంబర్లు మనం కల్పించనక్కరలేదు. 2012లో మొదలైన వికీడేటాలో ఒక్కో విషయానికి 'క్యూ' అక్షరంతో మొదలయ్యే ఒక నంబరు ఉంటుంది. వేర్వేరు భాషల పేర్లన్నీ దాని కిందే చేరతాయి. ఆ నంబరును ట్యాగు గడిలో రాస్తే సరి. ఇంటి మనుషులకు మాత్రం, లెడ్జరు ఫోలియోల మాదిరిగా, సొంత పుస్తకంలో నంబర్లు వేసుకోవాలి.

బ్యాంకుల్లో 'మేకర్, చెకర్' పద్ధతి ఉంది. ఒకరు నమోదు చేస్తే మరొకరు సరిచూస్తారు. ఇక్కడా అంతే. "ఈ సుబ్బమ్మ మన పుస్తకంలో 3వ నంబరు" అని ఒకరు రాస్తే, తెలిసిన పెద్దలు ఔనన్నాకే ఖరారు. అనుమానముంటే అనుమానమనే రాయాలి.

మన పిల్లల్లో తెలుగు మాట్లాడుతూనే చదవలేనివారు ఎందరో ఉన్నారు. రేపు మనవరాలు కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఊరి పేరు వెతికి నంబరు పట్టుకుంటే, అది ఆమెను ముత్తవ్వ తెలుగు ఉత్తరం దాకా చేరుస్తుంది. నంబరు ఎప్పుడైనా వేయవచ్చు. అది ఎవరి పేరో చెప్పగల పెద్దలు మాత్రం ఎల్లకాలం ఉండరు. వచ్చే సెలవుల్లో వారి పక్కన కూర్చోండి.