సూదికి ముందొక మాట



జమ్మలమడుగున పుట్టి పులివెందులకు మెట్టిన మా చెలి యొకతె గత మాసమున ప్రొద్దుటూరికి వచ్చి మా యింట రెండుదినము లుండెను. వయస్సు 36, గర్భము 16వ వారము. రక్తపరీక్షలో డౌన్ సిండ్రోము సందేహము పొడసూపగా, వైద్యురాలు ఉమ్మనీటి పరీక్ష చేయించుకొమ్మనెనట. మేనమామను పెండ్లాడినందుననే యిట్లైనదని యత్తగారి నింద. ఆమెకు అమ్మమ్మయు నామెయే, ఆ సంబంధము కుదిర్చినదియు నామెయే!

మేనరికమువలన థలసీమియావంటి కొన్ని వంశరోగములు హెచ్చుట నిజము. ఇది యట్టిది కాదు. 46 క్రోమోజోములలో 21వది రెండుగాక మూడుండుటయే దీనికి మూలమని 1959లో ఫ్రాన్సు దేశపు పండితులు వెల్లడించిరి. తల్లి వయస్సుతో నిది పెరుగును: 25 ఏండ్లకు రమారమి 1250 మందిలో నొకరికి, 40 ఏండ్లకు 100 మందిలో నొకరికి. ఇందు ఎవరి పాపమును లేదు.

రక్తపరీక్ష సందేహమునే చెప్పును, సూది నిశ్చయమును చెప్పును. 15 వారములు నిండిన పిమ్మట, స్కానింగులో శిశువును చూచుచు, కడుపుమీదుగా సన్నని సూదిని పంపి నాలుగు చిన్న చెంచాల ఉమ్మనీరు తీయుదురు. అందలి శిశుకణములను పరీక్షింతురు. అంతకు ముందే మావినుండి తునక తీయు పద్ధతియు కలదు. నేర్పరుల చేతిలో గర్భస్రావభయము 200 మందిలో నొకరికన్న తక్కువ. ఆ యొక్కతె తానే యైనచో నని మా చెలి రాత్రియంతయు నిద్రపోలేదు.

"మగబిడ్డయో ఆడబిడ్డయో కూడ తెలియును గదా?" యని యత్తగారడిగిరట. తెలియును, చెప్పరాదు. ఈ పరీక్షను ఆడుశిశువులపాలిటి మృత్యువుగా జేసినందుననే 1994లో చట్టము వచ్చినది. గర్భిణికి తెలిసిన భాషలో వ్రాసిన సమ్మతిపత్రముపై సంతకము లేనిదే సూది వేయరాదని యా చట్టమే చెప్పుచున్నది. సంతకము గర్భిణిది, అత్తగారిది కాదు.

ఫలిత మెట్లున్నను దీనికి మందు లేదు. ఆ బిడ్డలు ఆలస్యముగనైనను నడుతురు, మాటాడుదురు; కొందరికి గుండెలోపముండును. తీవ్రవైకల్యమని వైద్యమండలి నిర్ణయించినచో 24 వారముల పిమ్మటను గర్భవిచ్ఛిత్తికి 2021 నాటి సవరణము సమ్మతించుచున్నది. "అది యని తెలిసినచో నేమి చేయుదువు?" అని యడిగితిమి.

చాలసేపు చీరచెంగు ముడివేయుచు, విప్పుచు కూర్చుండెను. "ఏమి చేయుదునో తెలియదక్కా. కాని తెలిసి కనవలె ననియున్నది" అనెను.

భర్తతో హైదరాబాదు పోయి నిమ్స్‌లో జన్యువైద్యులను చూచి సూది వేయించుకొన్నది. పూర్తి ఫలితమునకు రెండుమూడు వారములు పట్టునట. నిన్నటి వరకు ఉత్తరము రాలేదు.